చేతి నుంచి చేతికి

అనంతపురం, యూనివర్సిటీ లేడీస్ హాస్టల్
ఫిబ్రవరి 12

చౌడక్కకు,

చేతిలో ఫోన్ పెట్టుకొని ఉత్తరం రాయడమేమిటని నువ్వు నవ్వుకుంటావు. కారణం చెప్తాను. ఆదివారం నేను మాట్లాడుతూ ఉండగానే నువ్వు నిద్రపోయావు. "బాగుండానులేమ్మే, నువ్వెట్ల చదువుకుంటాండావు?" అని అడిగావు. నేను సగం జవాబు చెప్పేసరికి అవతలి నుంచి నీ ఊపిరి మాత్రమే వినిపించింది. చాలాసేపు ఆ ఊపిరినే వింటూ కూర్చున్నాను. ఫోన్‌లో నువ్వు చెప్పే మాట ఒక్కటే: 'బాగుండాను'. ఇకమీద ఆ మాటను సాక్ష్యంగా అంగీకరించను. కాగితం మీద అబద్ధం రాయాలంటే ఓపిక కావాలి. నీ దగ్గర అది మిగల్లేదని నాకు తెలుసు.

పోయిన వారం నువ్వు ఒక్కరోజు సెలవు పెట్టి మన ఊరికి వచ్చావు కదా, ఆ రోజును నేను మరిచిపోలేదు. కొత్తచెరువులో ఆటో దిగి, ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే వాకిలి నిండా జనం. వెంకటలక్ష్మమ్మవ్వ "పాపా, నా బీపీ చూడు" అని చెయ్యి చాపింది. ఆమె వెనక షుగరు, ఆ వెనక మోకాళ్ళు, ఆ వెనక ఎవరికో వేయవలసిన సూది. సంగటి ముద్ద నిలబడే మింగావు. అమ్మ గడపలో నిలబడి "డాక్టర్లు కూడా ఇంత ఓపిగ్గా చూడరు మా పాప మాదిరి" అని మురిసిపోతూ ఉంటే, నేను నీ కాళ్ళ వైపు చూస్తున్నాను. పిక్కల మీద నరాలు పచ్చగా, ముడులు ముడులుగా పైకి తేలి ఉన్నాయి. నీకు ముప్పై రెండేళ్ళు అక్కా. ఆ కాళ్ళు మాత్రం మన ముసలి జేజివి.

"ఏమక్కా ఇవి?" అని అడిగితే "నిలబడితే వస్తాయి, కూచుంటే పోతాయి లే" అన్నావు. నువ్వు కూర్చోవడం నేను చివరిసారి ఎప్పుడు చూశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

నిన్న మా వాదోపవాద పోటీలో ఒకడు నర్సులను 'త్యాగమూర్తులు' అన్నాడు. లేచి అడిగాను: "ఇచ్చినదాన్ని త్యాగమంటారు. లాక్కున్నదానికి ఆ పేరు పెట్టినవాళ్ళెవరు? ఆ లెక్కన జాతరలో పొట్టేలు కూడా త్యాగమూర్తేనా?" సభంతా చప్పట్లు. వాటి మధ్య నిలబడి నేను నీ కాళ్ళనే తలచుకున్నాను. ఒక మనిషికి తల్లి అనో దేవత అనో పేరు పెట్టేశాక ఇక ఆమెకు కుర్చీ వేయనక్కర్లేదు. గుళ్ళో అమ్మవారు కూడా నిలబడే ఉంటుంది కదా!

అక్కడ ఏం జరుగుతోందో నాకు తెలియాలి. దాచకుండా రాయి.

ఇంద్రాణి


గుంతకల్లు
ఫిబ్రవరి 27

ఇందూ,

నీ ఉత్తరం ముక్కలు ముక్కలుగా చదివాను. ఒక పేరా పూర్తయ్యేలోపు ఎవరిదో సెలైన్ అయిపోయేది, ఎవరికో వాంతి అయ్యేది. దాచకుండా రాయమన్నావు, రాస్తాను. మాట మీద మాట పెట్టి నన్ను ఓడించకు. నాతో గెలవడం ఎవరికైనా సులభమే.

మగవాళ్ళ వార్డు నాది. మంచాలన్నీ ఎప్పుడూ నిండే ఉంటాయి. నేనొక్కదాన్ని, రామాంజినమ్మ అనే ఆయమ్మ ఒక్కతి. మాత్రలు, సూదులు, కట్లు, మంచంలో కదల్లేనివాళ్ళను పక్కకు తిప్పడం, దొడ్డికి గిన్నె పెట్టడం, చక్కెర చూడడం, ఆస్పత్రి యజమాని అయిన పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వస్తే ఆయన వెనక నడవడం. నేను నీళ్ళు తాగడం మానేశాను. తాగితే బాత్‌రూమ్‌కు పోవాలి, పోతే వార్డులో ఎవరూ ఉండరు. మూత్రంలో మంట వస్తే మాత్ర మింగుతాను, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నడుము సంగతి రాయను, అమ్మకు చెప్తావు.

పోయిన నెల ఒకాయన, తన తమ్ముడికి సూది ఆలస్యమైందని చెయ్యెత్తాడు. నేను తల తిప్పాను కాబట్టి చెంపకు తగల్లేదు, చెవికి తగిలింది. రామాంజినమ్మ చీపురు తీసుకొని "ఏమప్పా, నీ తమ్మునికి సూది నువ్వే ఏసుకో, మేము సూస్తాం" అని మీదికి పోయింది. వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ తమ్ముడికే సూది వేశాను. చెవిలో అప్పుడప్పుడు ఇంకా హోరు వినిపిస్తూ ఉంటుంది.

కానీ కాళ్ళూ నడుమూ పెద్ద సంగతి కాదు. మొదటి సంవత్సరంలో ఎవరైనా చనిపోతే స్టోర్‌రూమ్‌లోకి పోయి ఏడ్చేదాన్ని. ఇప్పుడు పోయినవాళ్ళ దవడకు గుడ్డ కడుతూ ఉంటే నాకు మొదట వచ్చే ఆలోచన, మంచం ఖాళీ అయింది, దుప్పటి మార్చాలి అని. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఒకాయన్ను చూస్తే మాత్రం మనసు కొంచెం కదులుతుంది. కుళ్ళాయప్ప అని ముసలాయన. తాడిపత్రి వైపు నాపరాళ్ళ పాలిష్ పనిలో నలభై ఏళ్ళు రాతిపొడి పీల్చాడు. ఊపిరితిత్తులు బండబారిపోయాయి. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం తీస్తే చేపలా కొట్టుకుంటాడు. మంచం పక్కనున్న సిలిండర్‌ను 'నా ఎద్దు' అంటాడు. నన్ను చూస్తే చాలు, "పాపా, నా ఎద్దుకు గడ్డేసినావా?" అని అడుగుతాడు. ఆయన భార్య చిన్నక్క, "ఊపిరి లేదు గానీ ఎగతాళికేం తక్కువ లేదు ఈయప్పకు" అని కసురుతుంది. కసురుతూనే కొంగుతో విసురుతుంది.

సిలిండర్ మార్చాలంటే దాని తల తిప్పడానికి ఇనుప స్పానరు ఒకటి కావాలి. మా వార్డుకు ఒకటే ఉంది. ఇంకొకటి పైన ఆపరేషన్ థియేటర్‌లో ఉంటుంది. వార్డుకు మరొకటి కావాలని అడిగి అడిగి మానేశాం. బల్ల మీద పెడితే మాయమవుతుందని మేము దాన్ని ఎక్కడా పెట్టం. డ్యూటీలో ఉన్న సిస్టర్ ఏప్రన్ జేబులో ఉంటుంది. డ్యూటీ దిగేటప్పుడు వచ్చిన సిస్టర్ చేతిలో పెడతాం. చేతి నుంచి చేతికే. అది ఆమె చేతిలో పడితేనే నాకు రిలీఫ్, అంటే నా చోటికి మనిషి, వచ్చినట్టు. అంతవరకు గంట కొట్టినా, ఆకలైనా, జ్వరమొచ్చినా వార్డు దాటకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు. మా సీనియర్లు అలా చేశారు, మేమూ అలాగే చేస్తాం.

పగలు నాకు రిలీఫ్ రూతు. కొత్త పిల్ల, మంచిది, ఆదోని నుంచి రోజూ రైల్లో వస్తుంది. ఆ రైలును నిలబెట్టి ఎక్స్‌ప్రెస్‌లన్నిటినీ ముందు పోనిస్తారట. రాత్రి సిస్టర్ మానేసి చాలా రోజులైంది. ఆమె బదులు కూడా నేనో రూతో నిలబడాలి. ఎందుకు వదిలేయవని అడుగుతావు. చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. అవి లేకుండా ఇంకెక్కడా నర్సును కాను.

నాయన కాలి నొప్పి ఎలా ఉంది? కొత్త బోరులో నీళ్ళు పడ్డాయా?

చౌడేశ్వరి


అనంతపురం
మార్చి 9

అక్కా,

వాదించకు అన్నావు. క్షమించు, ఇది వాదించక తప్పని ఉత్తరం.

మొదట సర్టిఫికెట్లు. ఒక మనిషి చదువును బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు ఏ యజమానికీ లేదు. మా న్యాయశాస్త్రం ప్రొఫెసర్‌ను అడిగాను, ఫిర్యాదు చేయవచ్చన్నారు. నువ్వు "ఆ తర్వాత?" అంటావని తెలుసు. ఆ 'తర్వాత' మీదే వాళ్ళ ఆస్పత్రి నడుస్తోంది.

ఇక రిలీఫ్. మీ ఆచారాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. రోగిని ఒంటరిగా వదలకూడదన్న నీతి గొప్పది. కానీ ఆ నీతిని ఎవరు పాటిస్తున్నారు, దాని వల్ల ఎవరు లాభపడుతున్నారు, ఈ రెండూ వేరు వేరుగా అడగాలి. పాటించేది నువ్వు. లాభం మీ పెద్ద డాక్టరుది. రాత్రి సిస్టర్ మానేసిన రోజునే ఆయన ఇంకొకరిని పెట్టాలి. ఎందుకు పెట్టలేదు? ఆ ఖాళీ ఆయన కంట పడలేదు కాబట్టి. ఎందుకు పడలేదు? ఆ ఖాళీలో నువ్వు నిలబడి ఉన్నావు కాబట్టి! నీ కాళ్ళతో, నీ నడుముతో, నువ్వు తాగని నీళ్ళతో దాన్ని పూడ్చేస్తున్నావు. నువ్వు పూడ్చినంత కాలం వాళ్ళు ప్రమాణం చేసి చెప్పగలరు, మా దగ్గర ఏ కొరతా లేదని.

నీ మంచితనమే వాళ్ళకు రెండో నర్సు అక్కా. జీతం అడగని నర్సు.

అందుకని ఒకటి చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, నీ డ్యూటీ ముగిసే రెండు గంటలకు వార్డు దాటి బయటికి రా. రూతు వచ్చినా రాకపోయినా. ఫోన్ ఆపేసి పడుకో. ఆ ఖాళీని వాళ్ళను చూడనీ. పరుగెత్తనీ. ఒక్క మధ్యాహ్నం ఆ వార్డులో మనిషి లేకపోతే ఏమవుతుందో చూస్తేనే మనిషి విలువ తెలుస్తుంది. సమ్మె చేయమనడం లేదు. నినాదాలు అక్కర్లేదు. నీది కాని వేళలో నువ్వు అక్కడ లేకపోవడం, అంతే. అది నేరమని ఏ న్యాయస్థానమూ అనదు.

నీకు జవాబు తోచకపోతే నేను గెలిచినట్టు కాదు. నా మాటలో తప్పుంటే చూపించు. లేకపోతే బయటికి రా.

నాయన బాగున్నాడు. బోరు సంగతి అమ్మ చెప్తుంది.

ఇంద్రాణి


గుంతకల్లు
ఏప్రిల్ 17

ఇందూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. రాత్రి, పగలు రెండు డ్యూటీలు అయ్యాక, మొన్న రెండు గంటలకు వచ్చేశాను. రూతు ఇంకా రాలేదు. ఫోన్ ఆపి పడుకున్నాను. చాలాసేపు నిద్రపోయాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు.

చౌడేశ్వరి


అనంతపురం
ఏప్రిల్ 21

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరం ఐదారు వాక్యాలే, కానీ నేను ఇంతవరకు సంపాదించిన కప్పులూ షీల్డులూ దానికి సరితూగవు. "చాలాసేపు నిద్రపోయాను" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా గదిలో ఉండే ప్రసూన "ఏమే, లవ్ లెటరా, అట్ల నవ్వుతాండావు?" అని అడిగింది. అంతకంటే ఎక్కువ అన్నాను.

నాకు తెలుసు, నీకు భయంగా ఉంటుంది. మొదటిసారి తల ఎత్తినప్పుడు మెడ నొప్పి పుడుతుంది, అది తప్పు చేసిన నొప్పి కాదు, అలవాటు లేని నొప్పి. పెద్ద డాక్టరు ఏమన్నాడు? అరిచాడా? అరవనీ. అరిచాడంటే ఖాళీ కనిపించిందనే అర్థం. రాత్రికి కొత్త సిస్టర్‌ను పెట్టుకోక ఇక ఏం చేస్తాడు? రూతుకు కూడా చెప్పు. రేపు ఆమె, ఎల్లుండి ఇంకొకరు. ఒకరి అడుగు ఇంకొకరికి దారి.

కుళ్ళాయప్ప తాతను అడిగానని చెప్పు. పరీక్షలు కాగానే వచ్చి ఆయన ఎద్దును చూస్తాను.

గర్వంతో,
నీ ఇందు


గుంతకల్లు
మే 3

ఇందూ,

కుళ్ళాయప్ప లేడు. నేను వచ్చేసిన రోజునే పోయాడు. పోయిన ఉత్తరంలోనే రాయాలనుకున్నాను. చెయ్యి రాలేదు. నీ సంతోషం చదివాక ఇంకా రాలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

ఆ రోజు పొద్దున్నుంచి కళ్ళ ముందు నల్లటి చుక్కలు. గోడ పట్టుకొని నడిచాను. రెండు అయింది, రూతు రాలేదు. నీ ఉత్తరం మడత పెట్టి లోపలి జేబులోనే పెట్టుకొని తిరుగుతున్నాను అప్పటికి నెల రోజులుగా. తీసి మళ్ళీ చదివాను. నీ మాటలో తప్పు వెదికాను. దొరకలేదు.

రామాంజినమ్మతో "నేను పోతాండా, రూతు వస్తాది" అన్నాను. ఆమె గిన్నె కడుగుతూ "రిలీఫ్ రాకుండానేనా?" అని నా మొహం చూసింది. చూసి, "పో పాపా, పో. పడిపోయేటట్ల ఉండావు" అంది. కుళ్ళాయప్ప ఎప్పటిలాగే అడిగాడు, ఎద్దుకు గడ్డేసినావా అని. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ముల్లు చూశాను. కొంచెం ఉంది. రూతు వచ్చేదాకా సరిపోతుందనుకున్నాను. "రూతు వచ్చి ఏస్తాది లే తాతా" అన్నాను. "నువ్వు పోయి తొంగోమ్మా" అన్నాడు. పడుకోమన్న ఆ మాటే ఆయన నాతో ఆడిన చివరి మాట.

గదికి వచ్చాను. ఏప్రన్ విప్పి మూలన పడేశాను. ఫోన్ ఆపాను. నువ్వు నమ్మవు ఇందూ, ఎన్నో ఏళ్ళ తర్వాత కల రాని నిద్ర. ఫ్యాను చప్పుడు కూడా వినిపించలేదు.

పొద్దు వాలాక లేచాను. ఒళ్ళు తేలికగా ఉంది. ఏప్రన్ నానబెడదామని బకెట్లో వేశాను. అడుగున ఇనుము ఖంగుమని కొట్టుకుంది.

స్పానరు.

ఎనిమిదేళ్ళుగా దాన్ని చేతిలో పెట్టకుండా వార్డు దాటలేదు. చేతిలో పెట్టడమే నాకు అలవాటు, పెట్టడానికి చెయ్యి లేనప్పుడు అది జేబులో ఉందన్న సంగతే నాకు తట్టలేదు. తడి ఏప్రన్‌తోనే పరుగెత్తాను. అప్పటికి ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు.

రూతు నా వెనకనే వచ్చిందట. వచ్చీ రాగానే ఎద్దు ఆగిపోయింది. రామాంజినమ్మ, ఆమె కలిసి నిండు సిలిండర్‌ను దొర్లించుకొచ్చి మంచం పక్కన నిలబెట్టారు. నిండుగా ఉంది ఇందూ, గొట్టం దాని మూతికి పెట్టారు, తిప్పడానికి స్పానరు లేదు. బల్లలు, సొరుగులు, దిండ్ల కింద అన్నీ వెదికారు. నా ఫోన్‌కు చేశారు. రామాంజినమ్మ పటకారుతో తిప్పబోయి అరచెయ్యి చీల్చుకుంది. థియేటర్‌కు తాళం. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి పోయాడు. రూతు వీధిలోకి పరుగెత్తి ఆయన్ను వెదికి పట్టుకొచ్చేలోపు అయిపోయింది. అంతసేపూ చిన్నక్క కొంగుతో గట్టిగా విసురుతూనే ఉందట, గాలి చాలడం లేదేమోనని.

స్పానరు తీసుకుపోయి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టాను. నా వల్ల పోయాడని చెప్పాను. ఆయన దాన్ని చూడను కూడా లేదు. "ఏమ్మా, ఆ ముసలోడు ఇయ్యాల కాకుంటే రేపు. ఊపిరితిత్తులు అట్లుండాయి. నువ్వు ఈ మాట ఇంకో తావ అన్నావంటే నష్టపొయ్యేది నువ్వే. పోయి డ్యూటీ సూసుకో" అన్నాడు. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి అన్నాడు, "రాత్రికి కూడా ఎవురూ లేరు, నువ్వే ఉండు."

ఉన్నాను. ఆ మంచంలోకి ఆ రాత్రే ఇంకొకాయన వచ్చాడు.

నన్ను పీడించేది ఏమిటో నీకొక్కదానికే చెప్తున్నాను. నిద్ర. ఆయన ఊపిరికి కొట్టుకుంటున్నప్పుడు నేను అంత హాయిగా నిద్రపోయాను. ఆ హాయి ఇప్పటికీ ఒంట్లో గుర్తుంది. మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆ కోరిక కలిగినప్పుడల్లా బకెట్లో చప్పుడు వినిపిస్తుంది.

చౌడేశ్వరి


అనంతపురం
మే 8

అక్కా,

ఈ కాగితం మీద మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటిసారి నేరం ఆస్పత్రిదని నిరూపిస్తూ రాశాను. రెండోసారి నాదని నిరూపిస్తూ రాశాను. రెండూ బాగా వచ్చాయి. రెండూ బాగా రావడం చూసి నాకు అసహ్యం పుట్టింది.

ఎవరికీ చెప్పొద్దన్నావు. చెప్పాను. నువ్వు వార్డు దాటిన సంగతి మెస్‌లో అందరికీ చదివి వినిపించాను. చప్పట్లు కొట్టించాను. అప్పటికే ఆయన్ను పూడ్చిపెట్టి ఉంటారు.

"ఒక్క మధ్యాహ్నం ఆ వార్డులో మనిషి లేకపోతే ఏమవుతుందో చూస్తేనే మనిషి విలువ తెలుస్తుంది" అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు నా మనసులో మంచాలు ఉన్నాయి, వాటి మీద మనుషులు లేరు. నువ్వు వాళ్ళ పేర్లు రాసి పంపాక కూడా లేరు.

ఫిర్యాదు చేద్దాం. నేను రాస్తాను. ఒక్క స్పానరు పెట్టి వార్డు నడిపింది వాళ్ళు. రాత్రి నర్సును పెట్టనిది వాళ్ళు. లేదా ఇవేవీ వద్దు, నువ్వు వచ్చేయ్. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలోనే కుళ్ళనీ. మన చేనులో ఏమీ పండదు, నిజమే. ఏమీ పండని చోట నువ్వు నిద్రయినా పోవచ్చు.

ఒక్క మాట రాయి. తిట్టు. నన్ను తిట్టు అక్కా.

ఇందు


గుంతకల్లు
మే 24

ఇందూ,

తిట్టను. నీ వాదంలో అప్పుడూ తప్పు కనిపించలేదు, ఇప్పుడూ లేదు. ఖాళీ కనిపించాలన్నావు, కనిపించింది. చూసినవాళ్ళు చిన్నక్క, రూతు, రామాంజినమ్మ. చూడవలసినవాళ్ళు అప్పుడు భోజనానికి పోయి ఉన్నారు. ఎప్పుడూ అంతే జరుగుతుంది. నీ పుస్తకాల్లో ఆ సంగతి ఉందో లేదో నాకు తెలియదు.

రూతు వెళ్ళిపోయింది. చెప్పకుండా, సర్టిఫికెట్లు అడగకుండా. ఒకరోజు రైలు వచ్చింది, ఆమె రాలేదు. తర్వాత వాళ్ళమ్మ ఫోన్ చేసి, "పిల్ల అన్నం తినేది లేదు సిస్టర్, ఒగటే చేతులు చూసుకుంటాది" అంది. ఇరవై రెండేళ్ళు ఆ పిల్లకు. తప్పు నాది, చేతులు చూసుకునేది ఆమె. ఇప్పుడు రాత్రీ పగలూ చాలాసార్లు నేనే. ఎవరినో చూస్తున్నామంటారు ఆఫీసులో.

చిన్నక్క పోయిన వారం వచ్చింది, ఆయన చెంబు, దుప్పటి ఇక్కడే మర్చిపోయామని. స్టోర్‌రూమ్‌లోకి తీసుకుపోయి చెప్పేశాను, అంతా. స్పానరు చూపించి చెప్పాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. ఆ ఇనుప ముక్కను వేలితో తాకి చూసింది. "దీంతోనేనా?" అంది. తర్వాత అంది, "ఊరుకో పాపా. ఆయప్పకు ఊపిరి లేదు, నీకు నిద్ర లేదు. ఇద్దురికీ దేవుడే ఇయ్యల్ల. నేను యాడనుంచి తెద్దును?"

చెంబు తీసుకొని పోయింది. కొట్టి ఉంటే బాగుండేది. మనుషులు నన్ను కొట్టవలసినప్పుడు కొట్టరు.

ఫిర్యాదు వద్దు. ఫిర్యాదులో చిన్నక్క పేరు ఉంటుంది, రూతు పేరు ఉంటుంది. వాళ్ళను పిలుస్తారు, నిలబెడతారు, మళ్ళీ ఆ మధ్యాహ్నం చెప్పిస్తారు. నువ్వు రావొద్దు. వస్తే నీ మొహం చూసి నేను ఏడుస్తానేమోనని భయం కాదు. ఏడుపు రాకపోతే నువ్వు చూస్తావు, అదీ భయం.

నాయన కాలు పుండు పడిందని వెంకటలక్ష్మమ్మవ్వ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు "బాగున్నాడు" అని రాశావు. నన్ను చూసే నేర్చుకున్నావు ఆ మాట. ఉప్పునీళ్ళతో కడిగి, పొడిగుడ్డ కట్టండి. ఈగ వాలనివ్వొద్దు. కొత్తచెరువులో చూపించండి, ఆలస్యం చేయొద్దు.

చౌడేశ్వరి


గుంతకల్లు, ఆస్పత్రి వరండా
జూన్ 11

అక్కా,

రావొద్దన్నావు, వచ్చాను. వార్డులోకి పోనివ్వడం లేదు, అందుకే రామాంజినమ్మ చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. ఆమె అరచేతి మీద మచ్చ చూశాను. "నువ్వేనా ఆ లాయరు పాపవి?" అంది.

అమ్మ జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టి పంపింది. నాయన పుండు మానుతోంది, ఈసారి నిజంగానే. రెండు దాటింది. నీ డ్యూటీ అయిపోయింది. కిటికీలోంచి నీ వీపు కనిపిస్తోంది. ఒకసారి గోడ పట్టుకున్నావు.

ఈరోజు నేను వాదమేమీ తేలేదు. సర్టిఫికెట్లు వద్దు, బట్టలు వద్దు, ఉన్న చీరతో వచ్చేయ్. ఇంటికి పోదాం. స్పానరు ఎవరో ఒకరి చేతిలో పెడితేనే కదా నీకు రిలీఫ్? నా చేతిలో పెట్టు. నేను ఇక్కడే నిలబడతాను, ఎవరైనా వచ్చేదాకా.

ఇందు


వార్డు నుంచి

ఇందూ,

రొట్టెలు అందాయి. రామాంజినమ్మకు రెండు ఇచ్చాను.

నీ చేతిలో పెట్టలేను. ఇక్కడ కుళ్ళాయప్పలా ఊపిరాడనివాళ్ళు ముగ్గురున్నారు. ఏ ముల్లు ఎక్కడికి దిగితే తిప్పాలో, ఎంత తిప్పాలో తెలిసిన చెయ్యి కావాలి. నీకు నేర్పాలంటే నేను కూర్చోవాలి, కూర్చుంటే లేవలేను.

స్పానరుకు తాడు కట్టి మెడలో వేసుకున్నాను. జేబు మీద నమ్మకం పోయింది. వంగినప్పుడల్లా ఎముకకు తగులుతుంది, అది మంచిదే, మెలకువ వస్తుంది.

రిలీఫ్ వస్తుందన్నారు. ఎవరు, ఎప్పుడు అని చెప్పలేదు. ఎవరైనా వచ్చి చెయ్యి చాపితే తాడు తీసి ఇచ్చి వచ్చేస్తాను.

వరండాలో ఎండ పడుతోంది, అక్కడ కూర్చోవద్దు. అనంతపురం బస్సుకు పో.

అక్క